కుంగ్‌ఫూ చిత్రములు – కాంటన్ ప్రవాసుల గురుపరంపర

కుంగ్‌ఫూ చిత్రములనగానే చదువుకొన్న పెద్దలు పెదవి విఱచుట పరిపాటి. 1973 ప్రాంతమున ఈ చిత్రములు హాంకాంగు రేవునుండి ప్రపంచమంతటికిని ఎగుమతి అయినపుడు విమర్శకులలో పలువురు వానియందు మూడు విషయములనే చూచిరి: పెదవుల కదలికతో పొంతనలేని మాటలు, చేయి విసరినంతనే కొరడా దెబ్బవలె మ్రోగు చప్పుడు, తండ్రిని చంపినవానిపై కొడుకు తీర్చుకొను పగ. ఆ తీర్పులో సత్యము లేకపోలేదు. అయినను నేడు వానిలో మేలైనవానిని శ్రద్ధతో చూచువారికి అనుకొన్నదానికంటె ఎక్కువయే దొరకుచున్నది. అందులకు కారణమును కథలలో వెదకిన లాభము లేదు. తీసినవారెవరు, వారికి ఆ విద్య ఎవరివలన వచ్చినది, వారు ఎచ్చటినుండి ఎచ్చటికి వలసవచ్చిరి అను విషయములను విచారింపవలెను. పుట్టినయూరు విడిచిన ఒక జనసమూహము తన విద్యను తెరమీద దాచుకొనిన వృత్తాంతమది. స్వభాషా ప్రాంతమునకు వెలుపల తరతరములుగా కాపురమున్న తెలుగువారికి అది పరాయి కథగా తోచదు.

కుంగ్‌ఫూ అను మాటకు చైనా భాషలో యుద్ధమని అర్థము లేదు. చిరకాల సాధనచే, ఓర్పుచే సంపాదించిన నేర్పునకు ఆ పేరు. వంటవానికిని, చిత్రకారునికిని కూడ అది చెల్లును. తెలుగునాట వస్తాదు తాలీంఖానాలో నేర్పు కఱ్ఱసాము, కత్తిసాములవంటివి దక్షిణ చైనాలో ఊరూర నుండెడివి. కాంటన్ పరిసరములలో ఒక్కొక్క సాముకు ఒక్కొక్క ఇంటిపేరు, ఒక్కొక్క గురువంశము కలదు. వానిలో 'హుంగ్' వారి సాము ప్రసిద్ధమైనది. నేలబాఱిన గట్టి నిలుకడ, పులి పంజాను కొంగ ముక్కును అనుకరించు చేతులు దాని గుఱుతులు. ఈ పద్ధతికి చెందిన వాంగ్ ఫెయి హుంగ్ అను గురువు పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఫోషన్ ప్రాంతమున పుట్టి, కాంటన్ నగరమున 'పో చి లామ్' అను వైద్యశాలను నడపి, విఱిగిన యెముకలు కట్టుచు, సాము నేర్పుచు జీవించెను. 1924 నాటి అల్లరులలో ఆ వైద్యశాల కాలిపోయినది. కొలది కాలమునకే ఆయనయు గతించెను. ఆయన శిష్యుడు లాం సై వింగ్ వృత్తిచే మాంసవిక్రేత. ఈయన హాంకాంగునకు తరలివచ్చి విద్య చెప్పెను. తన పట్టులను పుస్తకములుగ వేయించెను. లాం శిష్యులలో ఇద్దరిని ఇచ్చట గుర్తుంచుకొనవలెను. ఒకడు చూ యూ చాయి. కలము పట్టినవాడు, తాతగురువుగారి కథలను పత్రికలలో వ్రాసినవాడు. రెండవవాడు లావ్ చామ్. విద్యను తన బిడ్డలకు అప్పగించినవాడు.

1945లో యుద్ధము ముగియునప్పటికి హాంకాంగు జనసంఖ్య సుమారు 6 లక్షలు. చైనాలో అంతర్యుద్ధము, 1949 నాటి ప్రభుత్వపు మార్పు కారణముగ 1950 ప్రాంతమునకు అది 20 లక్షలకు చేరెను. వచ్చినవారిలో అత్యధికులు కాంటన్ ప్రాంతపువారు. బ్రూస్ లీకి తరువాత గురువైన యిప్ మాన్ ఫోషన్ విడిచి అచ్చటికి చేరినదియు 1949లోనే. ఆ సంవత్సరముననే వు పాంగ్ అను దర్శకుడు, చూ యూ చాయి రచనల ఆధారముగ వాంగ్ ఫెయి హుంగ్ కథను తెరకెక్కించెను. కాంటన్ భాషా నాటకరంగమున పేరొందిన క్వాన్ తక్ హింగ్ గురువు వేషము ధరించెను. అదివరకు తెరపై పోరాటమనగా నాటకశాల పిల్లిమొగ్గలును, గాలిలో ఎగురుటయు. ఈ చిత్రము ఆ పద్ధతిని కాదని, నిజమైన దక్షిణదేశపు సామును నిజమైన శిష్యులచేతనే చూపింపబూనెను. జనము విరుగబడి చూచిరి. క్వాన్ అదే వేషమును 70కి పైగా చిత్రములలో ధరించెను. 1956 ఒక్క సంవత్సరముననే ఇట్టివి 25 వెలువడెను.

ఇన్ని చిత్రములు ఇంత వడిగా తీసినచో అవి ఎట్లుండునో ఊహింపవచ్చును. అట్టతో చేసిన గోడలు, ఒకే వీథి, ఒకే దుష్టుడు. ఆ దుష్టపాత్రధారి షి కియెన్. 1973లో వచ్చిన 'ఎంటర్ ది డ్రాగన్'లో చేతికి ఇనుప గోళ్లు తగిలించుకొని బ్రూస్ లీతో అద్దాల గదిలో పోరాడినవాడు ఈతడే. అయినను ఆ చవుకబాఱు చిత్రములలో సింహనృత్యములున్నవి, పండుగ ఆచారములున్నవి, పాత బాణీలున్నవి, గురువు ఎదుట శిష్యుడెట్లు నిలువవలెనో, టీ గిన్నె ఎట్లందింపవలెనో కలదు. ఇవి అన్నియు ఊరు విడిచి వచ్చినవారు మఱచిపోవుదుమేమోయని భయపడిన విషయములు. ఆ గురువు సైతము కొట్టుటకంటె కొట్టకుండుటయే ఎక్కువగ బోధించును. లావ్ చామ్ ఈ చిత్రములలో నటించెను. తన గురువైన లాం సై వింగ్ వేషమునే తాను ధరించెను. గురువు వేషమును శిష్యుడు వేయుట నాటకమా, శ్రాద్ధమా అని చెప్పుట కష్టము. ఆ చిత్రశాలలలోనే ఆయన కుమారుడు లావ్ కార్ ల్యుంగ్ చిన్నచిన్న వేషములు వేయుచు, దెబ్బలు తినుచు పెరిగెను.

ఇంతలో భాషకు గండము వచ్చెను. షా సోదరులు 1925లో షాంఘైలో చిత్రనిర్మాణము నారంభించి, ఆ దశాబ్దముననే సింగపూరు చేరి, మలయా దేశమంతట సినిమా హాళ్లు కట్టినవారు. తోటల పనికి పోయి స్థిరపడిన తెలుగువారును, తమిళులును ఉన్న దేశమే అది. సింగపూరులోని షా వారి మలయా భాషా చిత్రశాలకు భారతదేశమునుండి దర్శకులను రప్పించుట వాడుకగా నుండెను. ఫణి మజుందార్ 1956లో 'హాంగ్ తువా'ను తీసినది వారికొఱకే. సోదరులలో చిన్నవాడైన రన్ రన్ షా 1950ల చివర హాంకాంగునకు మకాము మార్చి, క్లియర్‌వాటర్ అఖాతము చెంత కొండ చఱియపై ఒక చిత్రనగరము నిర్మించి 1961లో తెఱచెను. వెయ్యిమందికి పైగా పనివారు, వారిలో పలువురికి నివాసములును అచ్చటనే. సింగపూరు, తైవాను, బాంకాకులలోని చైనా వారందఱికిని ఒకే సరుకు అమ్ముటకు ఉత్తరపు భాషయైన మాండరిన్ అనుకూలమని ఆయన లెక్కవేసెను. 1960ల తొలినాళ్లలో ఏటికి నూటికి పైగా వెలువడుచుండిన కాంటన్ భాషా చిత్రములు 1972 నాటికి దాదాపు లేకుండ పోయెను. స్వస్థలమును కోల్పోయినవారు, తమ వీథిలోని తెరపై తమ భాషనుకూడ కోల్పోయిరి. మఱుసటియేట 'డెబ్బదిరెండు కాపురముల యిల్లు' అను హాస్యచిత్రము కాంటన్ భాషలో వచ్చి విజయము పొందువఱకు ఆ మౌనము వీడలేదు.

అయితే ఈ మాండరిన్ చిత్రములలో పోరాటములు కూర్చినవారెవరు? కాంటన్ వారే. మాటలు తరువాత అతికించెడి పద్ధతి కాబట్టి నటుడేభాష మాట్లాడినను ఇబ్బంది లేదు; మఱియొకని గొంతు అతికింపవచ్చును. చేతులకు మఱియొకని చేతులు అతికించుట సాధ్యము కాదు. కాబట్టి భాష మూగవోయిన చోట దేహము మాట్లాడినది. కుంగ్‌ఫూ చిత్రములు అనుకొన్నదానికంటె మేలుగా నుండుటకు మూలమిచ్చట కలదు.

షా వారి చిత్రనగరమున తొలి కీర్తి కత్తియుద్ధములకు దక్కెను. 1966లో కింగ్ హు తీసిన 'కమ్ డ్రింక్ విత్ మీ'లో నాట్యము నేర్చిన చెంగ్ పేయి పేయి కథానాయిక. ఛాయాగ్రాహకుడు నిషిమోతో జపాను దేశీయుడు. కింగ్ హు తరువాత తైవానుకు పోయి తీసిన 'ఎ టచ్ ఆఫ్ జెన్' 1975లో కాన్ ఉత్సవమున సాంకేతిక బహుమతి నందినది. చాంగ్ చే 1967లో తీసిన 'ఒంటిచేతి ఖడ్గవీరుడు' హాంకాంగులో పది లక్షల డాలర్లు వసూలు చేసిన మొదటి స్వదేశీ చిత్రమని ప్రసిద్ధి. ఇందులో పోరాటములు కూర్చిన ఇద్దరిలో లావ్ కార్ ల్యుంగ్ ఒకడు. 1970 తరువాత కత్తి పోయి పిడికిలి వచ్చెను. కొరియా దేశీయుడైన చంగ్ చాంగ్ హ్వా 1972లో తీసిన 'కింగ్ బాక్సర్'ను వార్నర్ వారు మఱుసటియేట అమెరికాలో ప్రదర్శించిరి. 1973 మే నెలలో ఆ దేశపు వసూళ్ల పట్టికలో మొదటి మూడు స్థానములును హాంకాంగు చిత్రములవే. బ్రూస్ లీ ఆ జూలై 20న మరణించెను. ఆయన విషయము అందఱికిని తెలిసినదే, ఇచ్చట విస్తరింపనక్కఱలేదు.

ఇంతవఱకు పోరాటము కథకు సేవకురాలు. దానిని కథగానే మార్చినవాడు లావ్ కార్ ల్యుంగ్. చాంగ్ చేతో అభిప్రాయభేదము వచ్చి విడిపోయి, 1975లో తాను దర్శకుడైనాడు. సాము తెలిసినవాడు దర్శకుడగుట అప్పటికి క్రొత్త. 1976లో 'ఛాలెంజ్ ఆఫ్ ది మాస్టర్స్' అను పేర తన తండ్రికి తాతగురువైన వాంగ్ ఫెయి హుంగ్ బాల్యమును తీసెను. అందు బాలునికి విద్య ఈయనొల్లనివాడు సొంత తండ్రియే. తండ్రి నేర్పనిచో మఱెవరు నేర్పవలెను అను ప్రశ్న ఆ చిత్రమునకు ప్రాణము.

ఆ ప్రశ్నకు సమాధానమనదగినది 1978లో వచ్చిన 'షావొలిన్ 36వ మందిరము'. కథ పగతోనే మొదలగును. కాంటన్ నగరమున మంచూల దొరతనము క్రింద స్నేహితులను, కుటుంబమును కోల్పోయిన విద్యార్థి యొకడు ప్రాణములతో బయటపడి షావొలిన్ మఠము చేరును. ఆ మఠమున విద్యకు 35 మందిరములు. కుఱ్ఱవాడు తొందరపడి అన్నిటికంటె పై మందిరమునే కోరును. అచ్చట వృద్ధ సన్న్యాసులు సూత్రపాఠము చేయుచుందురు. ఆతడు లోపల నిలువజాలక బయటపడును. ఇంక అట్టడుగునుండి ఎక్కవలసినదే.

ఇచ్చటినుండి చిత్రము నడిమి భాగమంతయు విద్యాభ్యాసమే. శత్రువు లేడు, ప్రేమకథ లేదు. భోజనశాలకు పోవు దారిలో నీటిమడుగు. అందు తేలుచున్న కట్టెలమోపుపై అడుగువేసి దాటవలెను. దాటలేనివాడు నీళ్లలో పడును, తడిబట్టలతో భోజనమునకు పోవును. తరువాత రెండు చేతులును చాచి నీళ్లబక్కెటలు గట్టెక్కింపవలెను. భుజముల క్రింద కట్టిన కత్తులు, చేయి దించినంతనే ప్రక్కటెముకలలో దిగబడును. తల కదలింపకుండ ఊగుచున్న దీపమును కన్నులతో మాత్రమే వెంబడింపవలెను. చెంపల ప్రక్కన వెలుగుచున్న అగరుకఱ్ఱలు కాపలా. పొడవైన వాసమునకు చివర బరువు తగిలించి, మణికట్టు బలముతో గంటను తాళము తప్పకుండ మ్రోగింపవలెను. నుదుటితో ఇసుకసంచులు త్రోసికొనుచు పోయి బుద్ధునికి ధూపము వేయవలెను. తెలుగునాట పాతకాలపు వీథిబడిలో ఇసుకపై అక్షరములు దిద్దినవారి మనుమలకు ఈ పద్ధతి బోధపడును: పని అర్థము గురువు ముందుగ చెప్పడు, చేయి నేర్చుకొన్నపిదప శిష్యునికే తెలియును.

గార్డన్ ల్యూ అను పేర ప్రపంచమెఱిగిన ఇందలి నాయకుడు లావ్ వారి ఇంట పుట్టినవాడు కాడు. బాల్యమున లావ్ చామ్ వద్ద విద్యకు చేరి, గురువుగారి ఇంటిపేరును తన పేరుగ స్వీకరించినవాడు. ఈ సంగతి తెలిసి చూచినచో చిత్రపు చివరిఘట్టము మఱియొక తీరున కనబడును. 35 మందిరములు గడచిన శిష్యుని పెద్దలు ఏ మందిరమునకైన అధిపతివి కమ్మందురు. ఆతడు ఉన్నవానిలో ఏదియు వలదని, 36వ మందిరము క్రొత్తగ తెఱచి, మఠము బయటి సామాన్యులకు విద్య నేర్పుదునని అడుగును. మఠపు కట్టుబాటు ప్రకారము అది అపరాధము. మఠాధిపతి శిక్ష విధించును: బయటకు పోయి భిక్షమెత్తుమని. ఆ శిక్షయే అనుమతి. పైకి కోపము, లోన దీవెన. ఈ ఘట్టమున ఆ వృద్ధుని ముఖమున గల గాంభీర్యము వంటిది ఆనాటి పెద్ద చిత్రములలోను అరుదు.

బయటకు వచ్చిన భిక్షువు చేరదీసిన యువకులలో హుంగ్ హెయి క్వాన్ ఒకడు. హుంగ్ వారి సాము ఆతని పేరుమీదనే వెలసినదని ఆ సంప్రదాయము చెప్పుకొనును: హుంగ్ హెయి క్వాన్‌నుండి లుక్ ఆ చోయి, ఆతనినుండి వాంగ్ కుటుంబము, పిమ్మట లాం సై వింగ్, లావ్ చామ్, లావ్ కార్ ల్యుంగ్. అనగా దర్శకుడు తన ఇంటి విద్య ఏ తలుపునుండి బయటపడినదో ఆ తలుపును చిత్రించినాడు. వంశము బయటివారికి చెప్పరాదన్న విద్యను టిక్కెట్టు కొన్న ప్రతివానికిని చూపుచున్న హాంకాంగు సినిమాయే ఆ 36వ మందిరమనిన తప్పు లేదు. 1993లో న్యూయార్కు నల్లజాతి గాయకుల బృందము వు-టాంగ్ క్లాన్ తన తొలి సంపుటి పేరులో '36 మందిరములు' అని చేర్చుకొన్నది. ఆ తలుపు ఎంతదూరము తెఱచుకొన్నదో దీనివలన తెలియును.

ఇది చరిత్రయా అనిన, పూర్తిగ కాదు. షావొలిన్ సన్న్యాసులు 621లో లీ షిమిన్ పక్షమున పోరాడినట్లు శాసనాధారము కలదు. మంచూలు మఠమును తగులబెట్టగ దక్షిణమునకు పారివచ్చిన గురువుల కథకు మాత్రము గట్టి ఆధారము లేదు. కంచినుండి బోధిధర్ముడు పోయి చైనావారికి మల్లవిద్య నేర్పెనను మాట తమిళనాటి తెలుగువారికి చెవులకింపైనదే, అదియు విచారింపదగినది. ఆయన దక్షిణ భారతమున రాజకుమారుడని ఆఱవ శతాబ్దపు శిష్యవర్గపు రచన చెప్పును. 547 నాటి మఱియొక రచన పారశీకుడనును. కంచి పేరు తరువాత చేరినది. వ్యాయామవిద్యను ఆయనకు అంటగట్టిన గ్రంథము పదునేడవ శతాబ్దిది. గురుపరంపర గల ప్రతి విద్యయు మూలపురుషుని వెదకుకొనును; ఆ వెదకులాటయే చరిత్రకారునికి కావలసిన సాక్ష్యము.

లావ్ మిగిలిన చిత్రములలో 'హీరోస్ ఆఫ్ ది ఈస్ట్' (1978) ముఖ్యముగ పేర్కొనదగినది. చైనా యువకుడు, జపాను యువతి పెండ్లియాడి, ఎవరి దేశపు సాము గొప్పదని పోట్లాడుకొందురు. జపానునుండి వచ్చిన వస్తాదులతో వరుసగ పోటీలు జరుగును. చిత్రమున ఒక్కడును చావడు! జపాను దండయాత్ర గాయము మానని ప్రేక్షకుల ఎదుట జపానువారిని మర్యాదగల ప్రతిపక్షముగ నిలుపుట సాహసమే. 'మై యంగ్ ఆంటీ' (1981) కథానాయిక కారా హుయి 1982లో మొదటిసారి జరిగిన హాంకాంగు చలనచిత్ర బహుమతులలో ఉత్తమ నటిగ ఎన్నికైనది. 1984 నాటి 'ఎయిట్ డయాగ్రం పోల్ ఫైటర్' చిత్రీకరణ నడుమ, ప్రధాన నటులలో ఒకడైన ఫు షెంగ్ 1983 జూలైలో మోటారు ప్రమాదమున మరణించెను. కథను మార్చి పూర్తిచేసిన ఆ చిత్రమున దుఃఖము నటన కాదని చూచువారికి తోచును.

లోపములు దాచవలసిన పనిలేదు. సంగీతము ఎక్కడెక్కడివో రికార్డులనుండి ఎత్తికూర్చినది. కారణము లేకుండ కెమెరా ముందుకు దూకును. మంచూలందఱును దుష్టులే. స్త్రీపాత్ర పెక్కింటిలో ఏడ్చుటకో, చచ్చుటకో మాత్రమే వచ్చును. చెన్నపురిలో ఉడుపి ప్రాంతీయుడైన విఠలాచార్య తీసిన తెలుగు జానపద చిత్రములను పండితులు కాదనగ జనము కాదనలేదు. అచ్చటను సున్నపుగోడల కోట ఒకటే, చిత్రములు అనేకము. కుంగ్‌ఫూ చిత్రములు వందలకొలది వచ్చినవి. వానిలో పదింట తొమ్మిది మఱపునకు అర్హములే.

మిగిలినవానికి జరిగిన అన్యాయము వేఱొకటి. షా వారు వెడల్పు తెరకై తీసిన చిత్రములను విదేశీ టెలివిజనుకును, వీడియో కాసెట్టులకును ఇరుప్రక్కల కత్తిరించి అమ్మిరి. తెరకు ఒక చివర గురువు, మఱియొక చివర శిష్యుడు నిలిచిన దృశ్యమున కత్తిరింపు పిమ్మట మిగిలినది నడుమనున్న ఖాళీ. పాదములు నేలపై నిలిచిన తీరు, కఱ్ఱ చివర ఆగిన చోటు ఇవేవియు కనబడకుండగనే చాలమంది తీర్పు చెప్పిరి. షా వారు 1980ల నడుమ చిత్రనిర్మాణము దాదాపు నిలిపివేసి, చిత్రములను పెట్టెలలో పెట్టి తాళము వేసిరి. 2000లో సెలెస్టియల్ సంస్థ సుమారు 760 చిత్రముల హక్కులు కొని, శుభ్రపఱచి, 2002 చివరనుండి డిస్కులుగ వెలువరించెను. లావ్ కార్ ల్యుంగ్ 2013 జూన్ 25న, రన్ రన్ షా 106 ఏండ్ల ముదిమిలో 2014 జనవరి 7న మరణించిరి.

ఆ శుభ్రమైన ప్రతులలో లావ్ చిత్రముల ఆరంభమును చూడవలెను. పేర్లు పడుచుండగ కథకు సంబంధములేని ఒక దృశ్యము వచ్చును. వెనుక చెట్టు లేదు, ఇల్లు లేదు. ఒకే రంగు తెర. దాని ముందు శిష్యుడొకడు నిలిచి, నమస్కరించి, హుంగ్ వారి పట్టులను ఒకదానివెంట నొకటిగ, తొందర లేకుండ, తల మొదలు పాదము వఱకు కనబడునట్లు ప్రదర్శించును. మాటలు లేవు కాబట్టి అతికింపవలసిన గొంతు కూడ లేదు.